ఈకోకి 14 అంగుళాల అల్లాయ్‌లు, 175 టైర్లు వేయించొచ్చా? కింద తగిలి చస్తోంది

నర్సీపట్నం_షామియానా:
అన్నలందరికీ నమస్తే. నాది 2016 మారుతీ ఈకో వ్యాను, పెట్రోల్, ఐదు సీట్లది. టెంట్ హౌస్ సామాన్లకి వాడతాను, ఆదివారం పూట ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని లంబసింగి వైపు పోతాను. ఘాట్ ఎక్కేది ఎలాగోలా ఎక్కుతుంది గానీ ఊళ్లలోకి దిగే మట్టి రోడ్ల మీద, సిమెంటు రోడ్డు అంచు దిగేచోట, బడి దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద కింద గర్రుమని గీసుకుంటోంది. టైర్లు కూడా అరిగి గుండైపోయాయి, ఎలాగూ మార్చాలి. ఇప్పుడున్నవి 155/65 ఆర్13. షాపతను 14 అంగుళాల అల్లాయ్‌లు చూపించి, 175/65 ఆర్14 వేసుకో తమ్ముడూ, బండి అంగుళం లేస్తుంది, లుక్కు కూడా వస్తుంది అంటున్నాడు. బండి చూస్తే ముచ్చటగానే ఉంది, అబద్ధం ఎందుకు. కానీ తర్వాత ఏదైనా తిరకాసు ఉంటుందేమోనని టెన్షన్. ఎవరైనా వేయించారా?

గ్రీజు_చేతులు:
అంగుళం లేస్తుందన్న మాట నిజమే, అతను అబద్ధం చెప్పలేదు. చెప్పనిది ఇంకోటి ఉంది. లెక్క చూడు. 155/65 అంటే టైరు వెడల్పు 155 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, అంటే సుమారు 101. ఆర్13 అంటే రిమ్ 13 అంగుళాలు, అంటే 330 మి.మీ. పైన ఒక గోడ, కింద ఒక గోడ కలిపితే మొత్తం చక్రం ఎత్తు 532. అదే 175/65 ఆర్14 అయితే 583. తేడా 51, అందులో సగమే బండి లేస్తుంది, అంటే 25 మి.మీ. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ చక్రం దాదాపు పది శాతం పెద్దదైంది. మీటరు 60 చూపిస్తుంటే నువ్వు నిజానికి 66లో పోతుంటావు. ఘాట్‌లో రెండో గేరులో ఎక్కే మలుపు దగ్గర మొదటి గేరు కావాలంటుంది, గుండిగలు, గుంజలు వేసుకుని సగం క్లచ్ మీద లాగితే క్లచ్ ప్లేటు నిన్ను అడక్కుండానే పోతుంది. పైగా నీ బండికి పవర్ స్టీరింగ్ లేదు కదా, వెడల్పు టైరు వేసి నిలబడ్డచోట తిప్పి చూడు, భుజాలు చెబుతాయి.

ఇంకో మాట, నాలుగు బోల్టులున్న ప్రతి రిమ్మూ దీనికి పట్టదు. ఎదురెదురు బోల్టు రంధ్రాల మధ్య నుంచి మధ్యకి కొలవాలి, దాన్నే పీసీడీ అంటారు. స్విఫ్ట్ కారుకి అది 100 మి.మీ., నీ బండికీ అంతే అనుకోవద్దు. నీ పాత రిమ్ విప్పి టేపు పెట్టి కొలుచుకుని షాపుకి వెళ్లు. రంధ్రాలు కొంచెం సాగదీసి పట్టిస్తాం అని ఎవడైనా అంటే అక్కణ్ణుంచి లేచి వచ్చేయ్.

రెండు_గేర్ల_రాజు:
నేను వేరే వ్యానుకి ఇలాంటి సరదానే తీర్చుకున్నాను. ఖాళీగా ఉన్నప్పుడు బ్రహ్మాండం. పెళ్లి సామాను ఎక్కించి స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు టైరు లోపలి ప్లాస్టిక్‌ని నాకడం మొదలుపెట్టింది, నెల తిరక్కుండా టైరు భుజం మీద వేలెడు పొడవు గీత. షాపులో బిగించి ఖాళీ బండి మీద చూపిస్తారు, దాన్ని నమ్మొద్దు. ఫెండర్ (చక్రం పైన కప్పే భాగం) లోపల సుద్దముక్కతో బాగా రుద్దు, లోడు వేసి స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి ఒక గుంత ఎక్కించి దించు. సుద్ద చెరిగిన చోటే తగులుతున్నట్టు.

ఇక స్టెప్నీ. అది 13లోనే ఉంటుంది, మిగతావి 14. రాత్రి పూట ఘాట్‌లో పంక్చర్ అయితే అప్పుడు తెలుస్తుంది ఆ లుక్కు ఖరీదు.

కాటా_బాబాయ్:
బాబూ, అందరూ టైరు చుట్టూ తిరుగుతున్నారు, స్ప్రింగుల సంగతి ఎవరూ అడగరేం? 2016 బండి, ఇన్నేళ్లుగా మోత మోస్తోంది. ముందు బండిని సమంగా ఉన్న నేల మీద ఖాళీగా నిలబెట్టి, ప్రతి చక్రం మధ్య నుంచి పైనున్న ఆర్చ్ అంచు వరకు కొలిచి నాలుగు అంకెలు రాసుకో. తర్వాత మామూలుగా వేసే లోడు వేసి మళ్లీ కొలువు. వెనక ఎంత దిగుతోందో తెలిస్తే నీ జబ్బు టైరుదా స్ప్రింగుదా తేలిపోతుంది. సరుకుతో ఒకసారి కాటా కూడా వేయించు. పాత సైజు టైరు మీద సైజు పక్కనే 73 అని ఉంటే ఒక్కోటి 365 కిలోలు మోస్తుందని అర్థం. 79 అయితే 437. షాపులో వెడల్పు చూస్తారు గానీ ఈ అంకె ఎవరూ చూడరు.

ఎత్తు రావడానికి అల్లాయ్ అక్కర్లేదు. 13 రిమ్ మీదే 165/70 వేస్తే చక్రం 561 అవుతుంది, బండి 15 మి.మీ. లేస్తుంది. సరుకు బళ్లకి వేసే 155 ఆర్13 ఎల్‌టీ అయితే ఇంకా ఎత్తు, 23 దాకా వస్తుంది, మోత బాగా మోస్తుంది. కానీ పక్క గోడలు గట్టి, గాలి ఎక్కువ కొట్టాలి, ఖాళీగా పోయినప్పుడు మీ ఆవిడ నడుం పట్టుకుని నిన్ను తిడుతుంది. మీటరు తేడా, గేరు బరువు దీనికీ ఉంటాయి, రిమ్ మారలేదు కదా అని ఊరికే పోవు.

ఇన్సూరెన్స్_గోల:
కాగితాల మాట కూడా చెప్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. టైరు ఒక సైజు పెంచితే రోడ్డు మీద ఎవరూ ఆపి టేపు పెట్టరు, అది వేరే సంగతి. క్లెయిమ్ వచ్చినప్పుడు సర్వేయర్ ఫొటోలు తీస్తాడు, అక్కడ గోల మొదలు. ఏం మార్చినా పాలసీ ఇచ్చినవాళ్లకి ముందే రాసి పంపు, వాళ్ల జవాబు దాచుకో.

నర్సీపట్నం_షామియానా:
కాటా బాబాయ్ గారూ, మీకు దండం. నిన్న కొలిచాను. ఖాళీగా ఉన్నప్పుడే వెనక ఎడమ పక్క కుడికంటే రెండు వేళ్లు కిందకుంది! గ్యాస్ సిలిండర్లు, గుండిగలు ఎప్పుడూ ఆ పక్కే వేస్తాం, తలుపు అటే వీలని. కిందకి దూరి చూస్తే ఆ స్ప్రింగు చివర చుట్టు విరిగి ఉంది. మెకానిక్ చేత వెనక స్ప్రింగులు రెండూ కొత్తవి వేయించాను. టైర్లు అదే రిమ్ మీద 165/70 ఆర్13, అంకె 79. సుద్ద రుద్ది చూశాను, చెరగలేదు. బడి దగ్గర స్పీడ్ బ్రేకర్ లోడుతోనే మెల్లగా దాటింది. సిమెంటు అంచు మాత్రం ఇంకా ఒకచోట తగులుతోంది, అక్కడ ఇంక ఏ బండైనా తగులుతుందేమో. అల్లాయ్‌ల మీద మనసు పూర్తిగా పోలేదు గానీ ప్రస్తుతానికి వదిలేశాను. డబ్బులు చాలక స్టెప్నీ పాత సైజుదే ఉంచాను, పర్లేదా?

గ్రీజు_చేతులు:
వెనక చక్రాలు తోసే బండి ఇది. చిన్న స్టెప్నీ వెనక వేస్తే రెండు చక్రాలు వేర్వేరు వేగంతో తిరుగుతూ డిఫరెన్షియల్ (ఇంజను బలాన్ని వెనక రెండు చక్రాలకి పంచే గేర్లు) రుద్దుకుంటూనే ఉంటుంది. వెనక పంక్చరైతే ముందు చక్రం ఒకటి విప్పి వెనక వేసి, స్టెప్నీని ముందు పెట్టి, మెల్లగా దగ్గరి పంక్చర్ కొట్టు దాకా పో. ఐదోది వచ్చే పెళ్లి సీజన్‌లో కొనెయ్. సిలిండర్లు ఇకనుంచి మధ్యలో పెట్టించు.