లూప్ మోడల్‌లో గోళీ పడిపోయింది: రెండున్నర ఆర్ సూత్రం తప్పా, నేర్పిన తీరు తప్పా?

బ్రాడీపేట నాన్న

మావాడు గుంటూరులో ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. కాలేజీ ఎగ్జిబిషన్‌కి లూప్ మోడల్ చేశాడు: వాలు మీద నుంచి వదిలిన గోళీ నిలువుగా నిలబెట్టిన గుండ్రటి చుట్టు పూర్తిగా తిరిగి రావాలి. కరెంటు వైరింగ్‌కి వాడే పీవీసీ కేసింగ్ పట్టీని వేడి నీళ్లలో ముంచి, మెత్తబడ్డాక గుండ్రంగా వంచి ప్లైవుడ్ మీద బిగించాడు. పట్టీ సన్నది, గోళీ లోపలికి దిగదు. రెండు అంచుల మీద కూర్చుని దొర్లుతుంది.

లూప్ వ్యాసార్ధం 20 సెం.మీ. నోట్సులో "కనీస ఎత్తు 2.5ఆర్" అని డబ్బా కట్టి మరీ రాయించారు. ఆ లెక్కన 50 సెం.మీ. నుంచి వదిలితే పూర్తి చుట్టు తిరగాలి. తిరగలా. పైదాకా పోకముందే పట్టీ వదిలేసి కింద పడింది. చూడ్డానికొచ్చిన సారు "ఫ్రిక్షన్ బాబూ" అని పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయారంట. ఇంకాస్త ఎత్తు పెంచితే తిరుగుతోంది.

వీడు ఇంటికొచ్చి "సూత్రం తప్పా నాన్నా" అని అడుగుతున్నాడు. నేను చదివింది బీకాం. తెలిసినోళ్లు చెప్పండి.

పటమట ట్యూటర్

సూత్రం తప్పు కాదండీ. ఘర్షణ లేని ట్రాక్ మీద చిన్న దిమ్మ జారితే 2.5ఆర్. దారానికి కట్టి నిలువుగా తిప్పే గుండైతే అట్టడుగున కనీస వేగం √(5జీఎల్) (జీ గురుత్వ త్వరణం, ఎల్ దారం పొడవు). రెండూ ఒకటే లెక్క. బయట ఘర్షణ ఉంటుంది, గాలి ఉంటుంది, పట్టీ ఊగుతుంది. ప్రాక్టికల్‌కీ థియరీకీ ఎప్పుడూ తేడా ఉండేదే. పిల్లాణ్ణి ఇక్కడ ఆపి ఆలోచనలో పడేస్తే చాప్టర్ ముందుకి సాగదు. ఫార్ములా గుర్తుంటే చాలు.

గుణదల మాస్టారు

"ఫ్రిక్షన్" అని చేతులు దులుపుకోవడం నాకు మింగుడు పడలేదు. ఘర్షణ అసలే లేకపోతే ఆ గోళీ దొర్లేదే కాదు, జారేది. జారితే 2.5ఆర్ సరిపోయేది! దొర్లుడు చలనంలో తాకే బిందువు జారదు కాబట్టి స్థైతిక ఘర్షణ పని చేయదు, అంటే శక్తిని మింగదు. శక్తి ఎక్కడికీ పోలేదు. గోళీ తన చుట్టూ తాను తిరగడానికి కొంత వాటా తీసుకుంది, అంతే.

అబ్బాయికి ఇలా చెప్పండి. ముందు పైబిందువు దగ్గరికి వెళ్లి బలాలు రాయాలి. అక్కడ బరువు కిందికే, పట్టీ నెట్టుడు (అభిలంబ ప్రతిచర్య) కూడా కిందికే. ఈ రెండూ కలిస్తేనే కేంద్రం వైపు కావలసిన బలం ఎం వి²/ఆర్ (ఎం ద్రవ్యరాశి, వి వేగం). నెట్టుడు సున్నాకి దిగిన హద్దులో వి² = జీఆర్. ఇది జారే దిమ్మకైనా దొర్లే గోళీకైనా ఒకటే.

ఇప్పుడు శక్తి. జారే దిమ్మకి గతిజ శక్తి ½ ఎం వి² మాత్రమే. పైన ఉండాల్సినది సగం ఎంజీఆర్, ఎక్కిన ఎత్తు 2ఆర్, మొత్తం 2.5ఆర్. ఘన గోళం దొర్లితే జడత్వ భ్రామకం (దాన్ని తిప్పడం ఎంత కష్టమో చెప్పే కొలత) 2/5 ఎంఆర్² (ఇక్కడ ఆర్ గోళీ వ్యాసార్ధం, లూప్‌ది కాదు). దానివల్ల గతిజ శక్తి ½ బదులు 7/10 ఎం వి² అవుతుంది. మొత్తం 2.7ఆర్. 20 సెం.మీ. లూప్‌కి 54. మీవాడు 50 నుంచి వదిలాడు. ఇందులో సూత్రం చేసిన పాపం ఏమీ లేదు, దాన్ని దిమ్మకి కాకుండా గోళీకి వాడారు.

√(5జీఎల్) అనేది రెండు సమీకరణాలు కలిస్తే పుట్టిన జవాబు. ఒకటి శక్తిది, ఇంకోటి బలానిది. జవాబొక్కటే చేతిలో పెట్టి పంపిస్తే, సమీకరణాల్లో ఏది మారినా పిల్లవాడికి తెలియదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు దిమ్మ, గోళీ, దారం, కడ్డీ అన్నిట్లోకీ అదే సూత్రంతో దిగిపోతాడు.

బెజవాడ బుల్లోడు

మాస్టారూ, ఇంత అవసరమా? పైన వేగం సున్నా అయినా ఎనర్జీ కన్జర్వ్ అవుతుంది కదా. 2ఆర్ నుంచి వదిలితే 2ఆర్ దాకా ఎక్కాలి. పైన అపకేంద్ర బలం (తిరిగేదాన్ని బయటికి నెడుతున్నట్టు అనిపించే బలం) బరువుని బ్యాలెన్స్ చేస్తుంది, అందుకే పడదు. మా సార్ ఇలాగే చెప్పారు.

గుణదల మాస్టారు

బుల్లోడు గారూ, వేగం సున్నా అంటున్నారు, మళ్లీ అపకేంద్ర బలం ఉందంటున్నారు. వేగం సున్నా అయితే ఎం వి²/ఆర్ కూడా సున్నాయే కదా, ఇక దేన్ని బ్యాలెన్స్ చేస్తుంది?

గోళీతో పాటు తిరిగే చట్రంలో కూర్చుంటే అపకేంద్ర బలం రాసుకోవచ్చు, తప్పు లేదు. నేల మీద నిలబడి చూసేవాడికి, నెట్టుడు సున్నా అయిన హద్దులో పైన ఉన్నది బరువు ఒక్కటే. దాన్ని ఏదీ బ్యాలెన్స్ చేయనక్కర్లేదు, గోళీ దారిని వృత్తంగా వంచేది ఆ బరువే. వేగం తక్కువైతే బరువు అవసరమైన దానికన్నా ఎక్కువ వంచుతుంది. అప్పుడు గోళీ పట్టీని వదిలి లోపలికి పడుతుంది.

శక్తి నియమం ఆ ఎత్తులో వేగం ఎంతో చెబుతుంది. గోళీ పట్టీని అంటిపెట్టుకుని ఉందా అని అడిగితే దానికి తెలియదు. మీ 2ఆర్ లెక్క దారానికి బదులు కడ్డీ ఉంటే నిజమే. కడ్డీ లాగుతుంది, నెడుతుంది కూడా, కాబట్టి పైన వేగం సున్నాకి వచ్చినా గుండు పడదు. అట్టడుగున √(4జీఎల్) చాలు. ఒక మీటరు దారానికి సెకనుకి సరిగ్గా 7 మీటర్లు కావాలి (5 × 9.8 = 49, ముచ్చటగా వస్తుంది). అదే పొడవు కడ్డీకి సుమారు 6.26.

పటమట ట్యూటర్

మాస్టారి విజ్ఞానానికి దణ్ణం. కానీ నేను చెప్పేది వేరే. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఫిజిక్స్ 40. ప్రశ్నకి నిమిషం పైన ఏడెనిమిది సెకన్లు. అందులో పైబిందువుకి వెళ్లి బలాలు రాసి, కిందికి దిగి శక్తి రాసి... పక్కవాడు ఈలోపు రెండు ప్రశ్నలు కొట్టేస్తాడు. మా దగ్గర చదివేవాళ్లలో చాలామంది పల్లెల నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాళ్లు. వాళ్లకి కావాల్సింది సీటు. దారం √5, కడ్డీ √4, దారం అడ్డంగా రావడానికి √2, అడుగుకీ పైకీ టెన్షన్ తేడా 6ఎంజీ. నాలుగు లైన్లు. తప్పేముంది? మూడేళ్ల తర్వాత ఇంజినీరింగ్‌లో ఎలాగూ లోతుగా చదువుతారు.

ఆటోనగర్ మెకానికల్

మూడేళ్ల తర్వాత ఎవరూ చదవరండీ. నేను మెకానికల్ ఇంజినీర్ని, ఇంటర్వ్యూల్లో కూర్చుంటాను. √(5జీఎల్) ఎక్కడి నుంచి వచ్చిందంటే చాలామంది ఇంటర్ నోట్సు నుంచి వచ్చిందంటారు.

అసలు సంగతికొస్తా. మాస్టారు చెప్పిన 2.7 కూడా ఈ మోడల్‌కి చాలదు. నాన్నగారు రాసిన మాట మళ్లీ చదవండి: గోళీ రెండు అంచుల మీద కూర్చుని దొర్లుతోంది. మామూలు గోళీ వ్యాసం 16 మి.మీ. అనుకుందాం, అంచుల మధ్య దూరం 12. అప్పుడు గోళీ మధ్యభాగానికీ, అంచులను కలిపే గీతకీ దూరం 8 కాదు. 64లో నుంచి 36 తీస్తే 28, దాని వర్గమూలం 5.3 మి.మీ. దొర్లే వ్యాసార్ధం అదన్నమాట. అదే వేగంతో ముందుకు పోవాలంటే గోళీ ఇంకా గిరగిరా తిరగాలి. తిరుగుడు వాటా 64/28 రెట్లు, అంటే దాదాపు 2.3 రెట్లు పెరుగుతుంది. లెక్క వేస్తే కనీస ఎత్తు సుమారు 2.96ఆర్. గోళీ కేంద్రం తిరిగే వృత్తం వ్యాసార్ధం 19.5 సెం.మీ. కాబట్టి 57.6 సెం.మీ. పైన. ఎత్తు కొలిచేది కూడా గోళీ మధ్య నుంచి మధ్యకే, టేబుల్ నుంచి కాదు.

పైగా ఎక్కడ పడిందో చూస్తే లెక్క సరిపోయిందో లేదో తెలుస్తుంది. 2.5ఆర్ నుంచి వదిలిన దిమ్మ జారితే పైబిందువు దాకా పోతుంది. చదునైన పట్టీ మీద దొర్లే గోళీ పైబిందువుకి 28 డిగ్రీల ముందే వదిలేస్తుంది. అంచుల మీద దొర్లేదైతే 40 డిగ్రీల ముందు. ఎడమ వైపు నుంచి ఎక్కుతోందనుకుంటే గడియారంలో గంటల ముల్లు పదీ నలభైకి ఉండే చోట. నాన్నగారూ, ఫోన్లో స్లో మోషన్ తీసి చూపించండి.

బ్రాడీపేట నాన్న

తీశాం. ప్లైవుడ్ మీద ప్రొట్రాక్టర్ పెట్టి గీతలు గీశాడు. పదిన్నర దగ్గర వదిలేస్తోంది. మీ లెక్కకి కాస్త కిందే.

ఆటోనగర్ మెకానికల్

అదిగో, ఆ కాస్త తేడా మాత్రం నిజంగా ఘర్షణ, గాలి, పట్టీ ఊగుడు. సారు చెప్పిన "ఫ్రిక్షన్" వాటా అంతే.

రోలర్ కోస్టర్ల సంగతి కూడా చెప్పండి వాడికి. గుండ్రటి లూప్‌లో పైన బండి అతుక్కుని ఉండాలంటే అడుగున మనిషి మీద 6ఎంజీ పడుతుంది. 1895లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో పెట్టిన గుండ్రటి లూప్‌లో ఎక్కినవాళ్లకి మెడలు పట్టేసేవి. 1976లో కాలిఫోర్నియాలో వెర్నర్ స్టెంగెల్ డిజైన్ చేసిన లూప్ గుండ్రంగా ఉండదు, కన్నీటి బొట్టు ఆకారం. పైన వ్యాసార్ధం చిన్నది, కింద పెద్దది. ఎత్తు అంతే ఉంచి కింద వ్యాసార్ధం పెంచితే ఎం వి²/ఆర్ తగ్గుతుంది. ఇది 6ఎంజీ బట్టీ పట్టినవాడికి తట్టదు, ఆ 6 ఎలా వచ్చిందో తెలిసినవాడికి తడుతుంది.

పటమట ట్యూటర్

మీరు కోస్టర్లు కట్టుకోండి, మా పిల్లలు ర్యాంకులు కొట్టుకుంటారు. సరే, ఒక్కటి ఒప్పుకుంటా: "దిమ్మ జారితే" అన్న షరతు కూడా డబ్బాలో రాయించాలి. అంతకు మించి క్లాసులో టైం లేదు.

గుణదల మాస్టారు

షరతు రాయిస్తే సగం గొడవ పోతుంది, అది చేయండి చాలు. టైం లేదన్న మాట మాత్రం ఒప్పుకోను. క్రిస్టియన్ హైగెన్స్ 1673లో లోలకం గడియారాల మీద పుస్తకం రాసి, చివర్లో దారానికి కట్టిన బరువు గురించి చెప్పాడు. అడ్డంగా పట్టుకుని వదిలితే అట్టడుగున దారాన్ని తన బరువుకి మూడింతల బలంతో లాగుతుందని. శక్తి నిత్యత్వ నియమం అప్పటికి లేదు, అది 19వ శతాబ్దంలో వచ్చింది. ఈ రోజు మన పిల్లవాడికి అదే 3ఎంజీ రెండు లైన్ల పని: వి² = 2జీఎల్, తన్యత (దారంలో టెన్షన్) = ఎంజీ + ఎం వి²/ఎల్. ఈ రెండు లైన్లు చేతికి అలవాటైతే 67 సెకన్లలో దారమైనా కడ్డీ అయినా ప్రశ్న చూసి రాసేయొచ్చు. మీ నాలుగు లైన్లలో ఏది వాడాలో వెతుక్కోవడానికే అంత పడుతుంది.

ట్యూటర్ గారూ, మీ పిల్లలకి ఈ ప్రశ్న ఇచ్చి చూడండి. మేస్త్రీలు లెవెల్ చూసే పారదర్శక గొట్టాన్ని లూప్‌గా చుట్టి, లోపల గోళీ వేశాం. కనీస ఎత్తు ఎంత?

పటమట ట్యూటర్

గొట్టం రెండు వైపులా పట్టుకుంటుంది, అంటే కడ్డీ కేసు. 2ఆర్. మా పిల్లలు పది సెకన్లలో చెబుతారు.

బ్రాడీపేట అబ్బాయి

సార్, నేను ఆ లూప్ చేసినవాణ్ణి, నాన్న ఫోన్ నుంచి రాస్తున్నా. గొట్టంలో నున్నటి దిమ్మ జారితే 2ఆర్ సరే. గోళీకి చాలదేమో అనిపిస్తోంది. ఎక్కేటప్పుడు గోళీ బయటి గోడని ఆనుకుని దొర్లుతుంది కదా. వేగం తగ్గాక పైన లోపలి గోడ మీదికి వాలుతుంది. లోపలి గోడ మీద ముందుకు దొర్లాలంటే తిరుగుడు దిశ తిరగబడాలి. అప్పటిదాకా ఒక వైపు తిరిగిన గోళీ ఒక్కసారిగా రెండో వైపు తిరగలేదు, అక్కడ జారుతుంది. జారితే ఘర్షణ పని చేస్తుంది, శక్తి పోతుంది.

గుణదల మాస్టారు

ఒరే అబ్బాయ్, ఆ కారణం నిజమే. ఇంకోటి కూడా చూడు, మీ పట్టీ మీద కూడా అదే జరుగుతుంది. హద్దు ఎత్తు నుంచి వదిలినప్పుడు పైబిందువు దగ్గరకొచ్చేసరికి పట్టీ నెట్టుడు దాదాపు సున్నా. నెట్టుడు లేనిచోట ఘర్షణ ఉండదు, ఘర్షణ లేకపోతే దొర్లుడు నిలవదు. అంటే గోళీ పైన కాస్త జారుతుంది, తిరుగుడులో దాచుకున్న వాటా పూర్తిగా వెనక్కి రాదు. కాబట్టి 2.96 అన్నది కూడా కింది హద్దే. ఎంత ఎత్తు నుంచి వదిలితే ప్రతిసారీ తిరుగుతోందో కొలిచి ఇక్కడ పెట్టు. గొట్టంతో కూడా చేసి, రెండూ పక్కపక్కన పెట్టు.

బెజవాడ బుల్లోడు

గొట్టం దేనికి మాస్టారూ, ముందు ఆ పట్టీ అంచులకి సబ్బు రాయమనండి. జారితే 2.5కే తిరుగుతుందిగా?

ఆటోనగర్ మెకానికల్

అంచుల మీద సబ్బు రాస్తే సగం జారుతుంది, సగం దొర్లుతుంది, అప్పుడు ఏ లెక్కా పట్టదు. ఒక పని చేయండి: గోళీ తీసేసి, ఆ పట్టీలో పట్టే చిన్న మంచు ముక్క వదలండి.