పెట్ట పొదుగుకి కూర్చుంది, ఎన్ని గుడ్లు పెట్టాలి?

ప్రశ్న (పాలకొల్లు వైపు నుంచి):
పెరట్లో 5 నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయండి. ఒక పెట్ట గంపలోంచి లేవట్లేదు, చెయ్యి పెడితే ఈకలు నిక్కబొడుచుకుని పొడుస్తోంది. మిగతావీ అదే గంపలో గుడ్లు పెట్టేస్తున్నాయి. ఏం చెయ్యమంటారు?

జవాబు:
10–12 గుడ్లు చాలండి. ఎక్కువైతే అంచువాటికి వేడి అందదు. పెట్ట గుడ్లని అటూ ఇటూ దొర్లిస్తుంది కాబట్టి వంతులవారీగా అన్నీ చల్లబడతాయి. ఈ ఎండల్లో 4–5 రోజుల లోపు గుడ్లే ఏరండి. అన్నీ ఒకేసారి, చీకటి పడ్డాక పెట్టి, పెన్సిల్‌తో గుర్తు గీయండి. గుర్తు లేనిది ఏ రోజుకారోజు తీసెయ్యాలి. లేకపోతే 21వ రోజుకి పిల్లలు దిగి తల్లి లేచిపోతుంది, వెనక పెట్టినవి సగంలో చచ్చిపోతాయి.

ఇంకో జవాబు:
గంప ఇటుకల మీద పెట్టండి, మన నేలకి చెమ్మ ఎక్కువ. అసలు భయం కోడిపేలతోనే. రాత్రి టార్చి వేసి గంప అంచులు చూడండి. ఎర్రటి చుక్కలు కదులుతుంటే గడ్డి మొత్తం తగలబెట్టి కొత్తది వెయ్యండి, లేదంటే పెట్ట గుడ్లు వదిలేస్తుంది. పొర్లడానికి పక్కనే బూడిద కలిపిన పొడిమట్టి ఉంచండి.

ప్రశ్న అడిగినవారు:
మేత సరిగ్గా ముట్టట్లేదండి.

జవాబు:
రోజుకోసారి లేస్తే చాలు. లేవకపోతే మీరే లేపండి, కానీ రెక్క కింద గుడ్డు ఇరుక్కుందేమో ముందు చూసుకోండి. వడ్లు, నూకలు, నీళ్లు దగ్గర్లోనే పెట్టండి. 7వ రోజు గుడ్డుని టార్చికి ఆనిస్తే సాలీడు కాళ్లలా నరాలు కనిపించాలి. ఖాళీగా ఉన్నవి తీసేయండి. 18వ రోజు తర్వాత గుడ్లు ముట్టుకోవద్దు.