పాత, కొత్త బూడిద రంగు లెగో ముక్కలను వేరుచేయడం ఎలా?

నా దగ్గరున్న 6 పాత లెగో సెట్లు (ప్లాస్టిక్ ముక్కలు బిగించి బొమ్మలు కట్టే ఆటవస్తువులు) ఒకే పెట్టెలో కలిసిపోయాయి. మొదట రంగులవారీగా సర్దాను గానీ, నల్ల ముక్కల గుట్టలో ఒక్క నల్ల పిన్ను కోసం గంటసేపు వేళ్లతో కెలికాక ఆ పద్ధతి మానేసి, ఆకారాలవారీగా డబ్బాల్లో పెట్టాను. మిగిలిన చిక్కు బూడిద రంగుతోనే. 2004 ప్రాంతంలో ఆ రంగును కాస్త నీలిఛాయకు మార్చారు కనుక, నా దగ్గర రెండు రకాలూ కలగలిసి ఉన్నాయి. 1×2 పలకల (పైన ఒకే వరుసలో రెండు బుడిపెలుండే పల్చటి ముక్కల) అడుగున అచ్చుపడిన 3023 అనే సంఖ్య రెండింటికీ ఒకటే కావడంతో దానివల్ల ఉపయోగం లేకపోయింది. పగటి వెలుతురులో తెల్లకాగితంపై పరిస్తే పెద్ద ముక్కల తేడా తెలుస్తోంది కానీ, పసుపెక్కిన చిన్నవాటి దగ్గర (నా కళ్ల లోపమూ కావచ్చు) ప్రతిసారీ పొరబడుతున్నాను. ఇలాంటి సుమారు 300 చిన్న పలకలను తప్పు లేకుండా వేరుచేయడానికి మీరు ఏ వెలుతురులో, ఏ పద్ధతిలో చూస్తారో దయచేసి చెప్పగలరా?