అన్‌లిమిటెడ్‌లో ఉన్న సర్వర్లను కోడ్‌తో పట్టేదెలా?

అన్నలూ, కొంచెం సాయం కావాలి. నల్గొండలో బత్తాయి రైతులకు రోజువారీ ధరలు పంపే చిన్న యాప్ నడుపుతున్నాను. ఈసీ2లో (అమెజాన్ క్లౌడ్‌లో అద్దెకిచ్చే సర్వర్లు) 11 సర్వర్లు: కొన్ని టీ2 రకం, కొన్ని టీ3, రెండు ఎం5. టీ రకాలు ఖాళీగా ఉన్నప్పుడు సీపీయూ క్రెడిట్లు కూడబెట్టి, రద్దీలో వాడుకుంటాయి. అవి అయిపోతే స్టాండర్డ్‌లో వేగం తగ్గుతుంది, అన్‌లిమిటెడ్‌లో వేగం తగ్గదు కానీ అదనపు బిల్లు పడొచ్చు. టీ2 మామూలుగా స్టాండర్డ్‌లో, టీ3 మాత్రం అన్‌లిమిటెడ్‌లో మొదలవుతాయని బిల్లు చూశాకే తెలిసింది. చదవకపోవడం నా తప్పే.

ఏది ఏ మోడ్‌లో ఉందో చూడటానికి ఇప్పుడు బోటో3లో (అమెజాన్ క్లౌడ్‌కు పైథాన్ లైబ్రరీ) 'డిస్క్రైబ్ ఇన్‌స్టన్స్ క్రెడిట్ స్పెసిఫికేషన్స్' వాడుతున్నాను. సర్వర్ల ఐడీలు ఇవ్వకపోతే అన్‌లిమిటెడ్‌వీ, ఒకప్పుడు అలా ఉండి మారినవీ మాత్రమే వస్తున్నాయి. అన్ని ఐడీలూ ఇస్తే ఎం5 దగ్గర ఎర్రర్ కొట్టి మొత్తం ఆగిపోతోంది. దానికి అసలు క్రెడిట్ల గోలే లేదు కదా! ముందు సర్వర్ల జాబితా ఇచ్చే 'డిస్క్రైబ్ ఇన్‌స్టన్సెస్'లో టీ2, టీ3 టైపులకు ఫిల్టర్ పెట్టి ఐడీలు తెచ్చుకోవడమేనా, ఇంకేదైనా సులువు దారి ఉందా?

ఇంకోటి, స్టాండర్డ్‌కు మారిస్తే టీ3 మైక్రోకు గంటకు 12 క్రెడిట్లే. పొద్దున ధరల కోసం అందరూ ఒకేసారి తెరిస్తే తట్టుకుంటుందా?