ఓం బీచ్ నుంచి ప్యారడైజ్ బీచ్‌కి ఇద్దరమే నడిచి వెళ్లొచ్చా? (తిరుపతి నుంచి గోకర్ణం ప్లాన్)

కపిలతీర్థం_వాన:
అందరికీ నమస్తే. మాది తిరుపతి. సంక్రాంతి అయ్యాక మా ఆయనకి నాలుగు రోజులు సెలవు దొరికింది, పెళ్లయ్యాక ఇద్దరమే ఎక్కడికీ పోలేదు, ఈసారి గోకర్ణం అనుకుంటున్నాం. ఊళ్లోని పెద్ద బీచ్, కుడ్లే, ఓం, హాఫ్ మూన్, చివరన ప్యారడైజ్ అని వరసగా ఉన్నాయంట, ఆ చివరి రెండింటికి రోడ్డు లేదు, కొండ మీద నడవాలి లేదా పడవలో పోవాలి అని చదివాను. నాకు నడిచే పోవాలని ఉంది. ఆయనకేమో టెన్షన్, తెలియని ఊరు, భాష రాదు, ఇద్దరమే అడవిదారిలో ఎందుకు అంటారు. నేను తరచుగా అలిపిరి మెట్లెక్కుతాను కాబట్టి నాకు భయం లేదు, ఆయన మాత్రం శ్రీవారి మెట్టు ఎక్కడానికే మధ్యలో నాలుగు చోట్ల కూర్చుంటారు.

దారి ఎలా ఉంటుంది, తప్పిపోతామా? వెనక్కి రావడం ఎలా? ప్యారడైజ్‌లో రాత్రి టెంట్ వేసుకోవచ్చా? ఇంకో సంగతి, గోకర్ణం అనగానే ఇంట్లో అందరూ ఆత్మలింగం దర్శనానికే అనుకున్నారు, ఇప్పుడు అత్తమ్మ కూడా వస్తానంటున్నారు. దీనికి కూడా ఎవరికైనా ఉపాయం తెలిస్తే చెప్పండి.

ఘాట్‌రోడ్_బుల్లెట్:
వెళ్లొచ్చు అక్కా, ఏం భయం లేదు. అలిపిరి ఎక్కేవాళ్లకి ఆ ఎత్తు ఒక లెక్కే కాదు. కానీ అలిపిరిలో 3550 మెట్లున్నా కాలు ఎక్కడ పెట్టాలో మనం ఆలోచించక్కర్లేదు, ఇక్కడ మెట్టు అనేదే లేదు. ఓం బీచ్ దక్షిణం చివర నుంచి కొండ ఎక్కుతారు, అదంతా ఎర్ర మొరం, గోళీల్లాంటి చిన్న చిన్న రాళ్లు, ఎక్కేటప్పుడు ఏమీ అనిపించదు, దిగేటప్పుడు జర్రున జారుతుంది. హవాయి చెప్పులు వేసుకుని పోయేవాళ్లు అక్కడే కూలబడతారు. పట్టున్న బూట్లు వేసుకోండి, నీళ్లలోకి దిగడానికి చెప్పులు సంచిలో పెట్టుకోండి. హాఫ్ మూన్ దాకా అరగంట, పక్కనే సముద్రం కనిపిస్తూ ఉంటుంది కాబట్టి తప్పిపోయేది ఏమీ లేదు.

అసలు కష్టం హాఫ్ మూన్ దాటాకే. అక్కడ బండరాళ్ల మీద చేతులు ఆనించి దిగాల్సిన చోట్లుంటాయి. సముద్రం పోటు మీద ఉంటే కింది రాళ్లు మునిగిపోతాయి, అలాంటప్పుడు నీళ్ల పక్కన పోవద్దు, కాస్త చుట్టయినా పైనున్న కాలిదారి పట్టుకోండి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ, తేదీ చూసుకుని పోండి.

నా సలహా ఏంటంటే, పొద్దున ఓం బీచ్‌లో పడవెక్కి నేరుగా ప్యారడైజ్‌లో దిగండి, అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ రండి. ఎందుకంటే దూరంగా ఉన్న చోటు ముందే అయిపోతుంది, నడిచేకొద్దీ మనుషులు, టీ కొట్లు, ఆటోలు దగ్గరవుతాయి. బావగారికి మోకాళ్లు పట్టేస్తే ఓం బీచ్‌లో ఆపేసి ఆటో ఎక్కేయొచ్చు, అక్కడి దాకా రోడ్డుంది. నడిచి పోయి సాయంత్రం పడవ కోసం చూస్తే మాత్రం వాళ్లు ఎంతంటే అంత ఇవ్వాలి, చీకటి పడే వేళ బేరం ఎవరు ఆడతారు చెప్పండి.

మదనపల్లె_టమాటా:
బుల్లెట్ అన్నా, ఈ ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. పడవ వాళ్లు జనం నిండేదాకా కదలరు, మీరు ప్యారడైజ్‌లో దిగేసరికి పదకొండవుతుంది, అంటే నడక మొత్తం మిట్టమధ్యాహ్నం ఎండలో. జనవరే కదా అనుకోవద్దు, చిత్తూరు చలి అక్కడ ఉండదు, గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. ఏడింటికల్లా ఓం బీచ్ నుంచి నడక మొదలుపెట్టి, హాఫ్ మూన్‌లో కాసేపు కూర్చుని, చల్లగా ఉండగానే ప్యారడైజ్ చేరుకోండి. తిరిగి రావడానికి పడవొక్కటే దిక్కు కూడా కాదు. ప్యారడైజ్ నుంచి బేలేకాన్ అనే పల్లె వైపు కాలిదారి ఉంది, ఆ ఊరికి రోడ్డుంది. పొద్దున్నే ఊళ్లో ఒక ఆటో అతని నంబరు తీసుకుని, మధ్యాహ్నం మూడింటికి బేలేకాన్ రమ్మని చెప్పి పెట్టుకుంటే అయిపోయె. కొండ అవతల సిగ్నల్ సరిగ్గా ఉండదు, అక్కడికి పోయాక ఫోన్ చేద్దాంలే అనుకుంటే కుదరదు.

నీళ్లు మనిషికి మూడు లీటర్లు మోసుకెళ్లండి, బరువని తగ్గించొద్దు. ఇడ్లీ, చిత్రాన్నం ఏదో ఒకటి కట్టించుకోండి, కొట్లుంటాయనే నమ్మకంతో పోకండి. టెంట్ ఆలోచన మానేయండి. అక్కడ ఒకప్పుడు గుడిసెలు, ఊయలమంచాలు ఉండేవి, అన్నీ తీసేయించారు, రాత్రి ఉంటే లేపి పంపించేస్తారు. ఇద్దరే ఉన్నప్పుడు అంత దూరంలో రాత్రి ఉండటం నాకైతే సబబనిపించదు, ఎంత రొమాంటిక్ అయినా సరే.

ఇంకోటి, స్నానం సంగతి. ప్యారడైజ్‌లో రాళ్లెక్కువ, లోతు ఉన్నట్టుండి పెరుగుతుంది, పిలిస్తే పలికేవాళ్లు ఉండరు. అన్ని చోట్లా అలలు విరిగి తెల్లగా నురగ వస్తూ మధ్యలో ఒక్క చోట మాత్రం నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తే, బాగుంది కదా అని అక్కడే దిగుతారు జనం. లోపలికి లాగేది అక్కడే. లాగితే ఒడ్డుకి ఎదురీదొద్దు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. ఈత రాకపోతే మోకాళ్ల లోతు దాటొద్దు. ఈదాలని సరదా ఉంటే కుడ్లేలో కానివ్వండి.

సత్యవేడు_సైకిల్:
అంత దూరం ఎందుకండీ, మనకే సముద్రం ఉంది కదా. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతి జిల్లాకి తీరం కూడా వచ్చింది, వాకాడు దగ్గర తూపిలిపాళెం పోండి, పొద్దున పోయి రాత్రికి ఇంట్లో ఉండొచ్చు. సరుగుడు తోటలు, చేపల పడవలు, ఖాళీ ఇసుక, ఎంత దూరమైనా నడవండి.

కపిలతీర్థం_వాన:
తూపిలిపాళెం మంచిదే అన్నా, కానీ అక్కడ కొండ ఎక్కడుంది? కొండ ఎక్కి దిగితే సముద్రం రావాలి, నా కోరిక అదీ. పైగా రాత్రికి ఇంట్లో ఉంటే ఇంక సెలవేముంది.

రేణిగుంట_జంక్షన్:
ప్రయాణం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. తిరుపతి నుంచి బస్సులో చిత్తూరు, పలమనేరు, కోలారు మీదుగా బెంగళూరు ఐదారు గంటలు. అక్కడి నుంచి గోకర్ణానికి రాత్రి స్లీపర్ బస్సులున్నాయి, కానీ నా ఓటు పంచగంగ ఎక్స్‌ప్రెస్‌కి. బెంగళూరులో సాయంత్రం ఎక్కితే పొద్దున్నే గోకర్ణ రోడ్ స్టేషన్‌లో దింపుతుంది, హాయిగా పడుకుని పోవచ్చు. సక్లేశ్‌పూర్ ఘాట్ చీకట్లో దాటిపోతుంది, అదొక్కటే బాధ. స్టేషన్ నుంచి ఊరు సుమారు పది కిలోమీటర్లు, ఆటోలుంటాయి. బెర్తులు తొందరగా అయిపోతాయి, ఈ రోజే చూసుకోండి. రిపబ్లిక్ డే సెలవు, వారాంతం కలిసొచ్చే రోజులు వదిలేయండి, సగం బెంగళూరు అక్కడే ఉంటుంది. మంగళ, బుధ, గురు అయితే బీచ్‌లు కాస్త ఖాళీగా ఉంటాయి. శివరాత్రికి వాయిదా వేద్దామని కూడా అనుకోవద్దు, అప్పుడు పెద్ద రథోత్సవం, గది దొరకడం గగనం.

అత్తమ్మగారి విషయానికొస్తే, తీసుకెళ్లండి అంటాను నేను. మహాబలేశ్వర స్వామి గుడి దగ్గరే గది తీసుకోండి. మొదటి రోజు ముగ్గురూ కోటితీర్థం చూసి, ముందు గణపతిని, తర్వాత స్వామిని దర్శించుకోండి, బావగారు పంచె తీసుకెళ్లాలి, మగవాళ్లు చొక్కా తీసేసి లోపలికి వెళ్లాలి. రెండో రోజు ఆవిడ గుడిలో ఉంటే మీరు కొండెక్కండి. మధ్యాహ్నం గుడి మూస్తారు, ఆ వేళకి ఆవిడ గదికి వచ్చి పడుకుంటారు, సాయంత్రానికి మీరొచ్చేస్తారు.

కపిలతీర్థం_వాన:
జంక్షన్ అన్నా, ఈ ఉపాయం మా ఆయనకి చదివి వినిపించాను, తెగ నచ్చేసింది, నాకే ఇంకా నచ్చలేదు :) నడక విషయంలో టమాటా గారు చెప్పినట్టు పొద్దున నడిచి పోయి, బేలేకాన్ వైపు ఆటోకి చెప్పుకుంటాం, పడవ దొరికితే సరేసరి. ఒక్క అనుమానం. సూర్యాస్తమయం ప్యారడైజ్‌లోనే చూసి బయల్దేరితే మరీ ఆలస్యమవుతుందా?

ఘాట్‌రోడ్_బుల్లెట్:
అవుతుంది, వద్దు. జనవరిలో అక్కడ సూర్యుడు మనకంటే ఇరవై నిమిషాలు ఆలస్యంగా, ఆరుంబావు దాటాక మునుగుతాడు, ఆ తర్వాత అరగంటలో కటిక చీకటి. ఆ మొరం దారిలో సెల్‌ఫోన్ లైట్‌తో దిగడం అంటే కాలు మడతపడటమే. మూడు, మూడున్నరకి ప్యారడైజ్ వదిలేయండి, సూర్యాస్తమయం కుడ్లేలో చూడండి, అది కూడా పడమర వైపే కదా, వెనకే కొట్లు, చేతిలో వేడి టీ. సరే, టమాటా గారి దారే ఖాయం చేశారు కాబట్టి నేనేం అనను, కానీ ఒక హెడ్‌లైట్ మాత్రం సంచిలో పడేసుకోండి, నుదుటికి కట్టుకునేది, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి.

మదనపల్లె_టమాటా:
హెడ్‌లైట్ మాట కరెక్ట్. ఖాళీ బాటిళ్లు, ప్లాస్టిక్ కవర్లు వెనక్కి తెచ్చేయండి, అక్కడ చెత్త ఎత్తేవాళ్లు లేరు. రైల్లో బెర్తులు కన్ఫర్మ్ అయితే ఇక్కడ చెప్పండి, అదే వారంలో మా చెల్లెలూ మరిదీ కూడా పోతామంటున్నారు, కుదిరితే నలుగురూ కలిసి నడవొచ్చు, బావగారి టెన్షన్ కూడా తగ్గుతుంది.