సమస్య: ఓడి చెఱబడ్డవాఁడెపో యోట్లు గెలిచె

నిర్వాహకుడు: తరువాతి కాలంలో బ్రిటన్ ప్రధాని అయిన విన్‌స్టన్ చర్చిల్ యౌవనాన్ని గురించి చదువుతుండగా తట్టిన పాదమిది. విక్టోరియా రాణి కాలపు ఆ సైనికుడు చట్టసభ మెట్లెక్కిన వైనాన్నే చెప్పాలి.

గంటంధారి:
ఓల్డుహాములో నొకసారి యోటమిఁ గని
బోయరుల చేతఁ జిక్కియుఁ బొంచి పాఱి
వీరుఁడై యింటి కేఁగిన వేళఁ జూడ
ఓడి చెఱబడ్డవాఁడెపో యోట్లు గెలిచె.
ఇంగ్లండులోని ఓల్డుహాము స్థానానికి 1899 జులైలో జరిగిన ఉపఎన్నికలో ఓడి, నవంబరులో దక్షిణాఫ్రికాలోని డచ్చి సంతతివారైన బోయర్లకు చిక్కి, డిసెంబరులో ప్రిటోరియా చెఱనుండి తప్పించుకొన్నవాడు 1900 అక్టోబరులో ఆ ఓల్డుహాములోనే గెలిచాడు.

యతిప్రియ: రెండవ పాదం గోడ దూకిన దృశ్యాన్ని కళ్ళకు కట్టింది. అయితే "చూడ" ద్రుతాంతం (చివర నకారం చేరే పదం) కనుక దాని తరువాత "నోడి" అనవలసిందే. పద్యమధ్యంలో అచ్చు నిలవదు. క్రిమియా యుద్ధపు బాలక్లావా పోరు మీద ఇచ్చిన సమస్యలోనూ తమరు ఇటువంటి తొందరతోనే 1854 నాటి ఆశ్వికదళ దాడిని మరుసటి ఏటికి జరిపారు.

గంటంధారి: పాదాన్ని అచ్చుతో మొదలుపెట్టినది నిర్వాహకులు, నేను కాదు. బాలక్లావా మాట ఎత్తారు కనుక, ఆనాటి తమ పూరణ మూడవ పాదంలో యతి ఉన్నదో లేదో నేటికీ తేలలేదని మనవి.

యతిప్రియ:
గోలకొండ కప్పును గెల్చెఁ గుఱ్ఱ మెక్కి;
భుజము తొలగఁ దుపాకినే పూని పోరె;
నాతఁడే రైలుబండిలో నరులఁ గాచి
యోడి చెఱబడ్డవాఁడెపో యోట్లు గెలిచె.
1896లో బొంబాయి రేవులో దిగుతూ భుజం తొలగించుకొన్న ఆ కుర్రవాడు, బెంగుళూరు చేరిన కొద్ది వారాలకే హైదరాబాదులో గోలకొండ కప్పు పోలో పోటీలో గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ భుజం వల్లనే 1898లో సూడానులోని ఒమ్‌దుర్మాన్ పోరులో కత్తికి బదులు మౌజర్ పిస్తోలు పట్టాడు. ఇక్కడ "ఓడి" అన్నది ఎన్నికలో కాదు, పోరులో.

తుంగభద్రతీరం: "గాచి" తరువాత యడాగమం (నడుమ యకారం చేరడం) పడి యో–యో మైత్రి కుదరడం ముచ్చటగా ఉంది. కానీ చర్చిల్ 1899లోనే సైన్యాన్ని విడిచి, బోయర్లు దాడి చేసిన ఆ కవచపు రైలులో పత్రికా విలేఖరిగా ఉన్నాడు. తనను విడిచిపెట్టమని బోయర్లను కోరినదీ ఆ హోదాతోనే. విలేఖరి పోరులో ఎలా ఓడతాడు? అన్వయంలో గంటంధారిగారిదే పైచేయి.

యతిప్రియ: పట్టాలు తప్పిన పెట్టెలను గుండ్ల వానలో తొలగింపజేసి, క్షతగాత్రులతో ఇంజను తప్పించుకొనేలా చేసినవాణ్ణి విలేఖరి అని బోయర్లే నమ్మలేదు, మీరు వారికంటె మెతక.

నిర్వాహకుడు: రెండు అన్వయాలూ చెల్లుతాయి. ఓల్డుహాము ఇద్దరు సభ్యుల స్థానమనీ, అతడు రెండవవాడుగా గెలిచాడనీ ఎవరూ పట్టించుకోకపోవడమే నాకు వింత. గంటంధారిగారు "చూడ"ను సవరించాలి.

గంటంధారి: "వీరుఁడై యింటి కేఁగి తా విఱ్ఱవీగి" అని చదువుకోగలరు, ఇప్పుడు నాకూ "యోడి" దక్కుతుంది.

యతిప్రియ: దక్కింది, కాకపోతే మీ చర్చిల్ ఇంటికి వచ్చి విఱ్ఱవీగిన తరువాత ఓడి చెఱబడ్డాడు.