యూకేజీ టీచర్‌ని. ఆరుబయట చదువు వైపు రావాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (అనంతపురం, యూకేజీ టీచర్):
ఇక్కడే ఒక ప్రైవేట్ స్కూల్లో చాలా ఏళ్లుగా చిన్నపిల్లలకు చెప్తున్నాను. మొన్న వాన పడిన మర్నాడు స్కూల్ వెనక ఎర్రమట్టిలో ఆరుద్ర పురుగులు బయటికొచ్చాయి. పిల్లలంతా చుట్టూ గొంతుక్కూర్చున్నారు. క్లాసులో నోరు విప్పని ఒక పిల్లాడు వేలితో మెల్లగా తాకి, "మిస్, ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుంటాంది" అన్నాడు. తర్వాత మిగతావాళ్లకు ఎలా తాకాలో వాడే చూపించాడు. అంతలో బెల్ కొట్టారు, లోపలికెళ్లి కర్సివ్ రైటింగ్ పట్టుకున్నాం. అప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు.

దీనికి ఏం ట్రైనింగ్ కావాలి? ఉద్యోగం మానకుండా కుదురుతుందా? తల్లిదండ్రులు "హోంవర్క్ ఏది?" అంటే ఏం చెప్పాలి? ఈ చివరిదే నాకు ఎక్కువ టెన్షన్.

జవాబు 1 (గార్లదిన్నె దగ్గర బాలబడి నడుపుతున్నాను):
మేడం, ఉద్యోగం మానొద్దు. రోజూ ఒకే వేళకు, ఒకే చెట్టు కిందికి అరగంట తీసుకెళ్లండి. రోజుకో కొత్తచోటు వద్దు. అదే వేపచెట్టును ఆకు రాలినప్పుడు, ఉగాదికి పూసినప్పుడు, పండ్లు పడేటప్పుడు చూస్తేనే మార్పు పిల్లల కంటికి ఆనుతుంది. మీరు తక్కువ మాట్లాడండి. ఎవరు ఏం ఏరుకున్నారు, ఏమడిగారు అన్నది రాసి పెట్టుకోండి. నా లెక్కలో అసలు ట్రైనింగ్ ఆ నోటుబుక్కే.

సర్టిఫికెట్ కావాలంటే మాంటిస్సోరి కోర్సు మంచిది. ఆ పద్ధతి మొదలుపెట్టిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయార్‌కు వచ్చి మన టీచర్లకే శిక్షణ ఇచ్చింది. యుద్ధం రోజుల్లో కొడైకెనాల్‌లో ఉండి, పిల్లలతో ప్రకృతి పరిశీలన మీద చాలా పని చేసింది. గుజరాతీ విద్యావేత్త గిజుభాయి 1920లోనే భావ్‌నగర్‌లో చిన్నపిల్లల కోసం బాలమందిరం పెట్టారు. కాబట్టి ఇదంతా విదేశీ ఫ్యాషన్ అని ఎవరైనా అంటే నమ్మొద్దు. వీలైతే మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూల్ వాళ్లను అడిగి, పల్లెబడుల కోసం వాళ్లు చేసిన, కార్డులతో నేర్పే పద్ధతి చూసి రండి.

తల్లిదండ్రుల సంగతికొస్తే, వాదన పెట్టుకోవద్దు. పచ్చి వేరుశనక్కాయలు తెచ్చి, వాళ్ల ముందే పిల్లలతో ఒలిపించండి. బొటనవేలు, చూపుడువేలు కలిపి నొక్కితేనే కాయ పగులుతుంది. పెన్సిల్ పట్టుకోవాలన్నా ఆ రెండు వేళ్లకే బలం కావాలి. ఆ గింజల్నే పదేసి కుప్పలు పెట్టిస్తే లెక్కలూ వస్తాయి. మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఆటతోనే నేర్పాలని 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళికే చెప్తోంది. మేనేజ్‌మెంట్‌కు ఆ పుస్తకం చూపించండి.

జవాబు 2 (కడప, ఒక తల్లిని):
మేము అడిగేది హోంవర్క్ కాదు టీచర్‌గారూ, మా బిడ్డ ఏదో నేర్చుకుంటోందన్న ధైర్యం. శనివారం శనివారం ఒక కాగితం పంపండి, పాప ఏరిన ఆకు అంటించి, దాని గురించి పాప చెప్పిన మాట మీరు రాసి. అది చూస్తే మా అత్తమ్మ కూడా ఊరుకుంటుంది.

జవాబు 3 (కోడుమూరు వైపు, అంగన్‌వాడీ వర్కర్):
అక్కా, ముందు జాగ్రత్తలు. పచ్చగన్నేరు, ఆముదం గింజలు, గురివింద గింజలు విషం. గురివింద ఎర్రగా ముద్దుగా ఉంటుంది, చేతికందితే నోట్లోకే పోతుంది. బండలు, రాళ్లు పిల్లల చేత లేపించొద్దు, కింద తేళ్లుంటాయి. వయ్యారిభామ ఉంటే ముందే పీకించండి, కొందరికి ఒళ్లంతా దద్దుర్లొస్తాయి. మార్చి దాటితే ఎండ ఎక్కకముందే బయటి పని ముగించాలి. నీళ్ల బాటిల్ ప్రతి బిడ్డకూ ఉండాలి.

ప్రశ్న అడిగిన టీచర్:
అందరికీ చాలా థాంక్స్. పచ్చగన్నేరు మా గేటు పక్కనే ఉంది, కాయలతో సహా! రేపే కరెస్పాండెంట్‌తో మాట్లాడి తీయిస్తాను. చెట్టు మాత్రం వేప లేదు, గ్రౌండ్ చివర పెద్ద కానుగ ఉంది. వేరుశనక్కాయల మీటింగ్ కొత్త పంట వచ్చాక పెడతాను, అప్పటికి పచ్చికాయ దొరుకుతుంది. అక్కా, కానుగ కాయలు పిల్లలు ఆడుకోవడానికి ఇవ్వొచ్చా?

జవాబు 3:
ఏరి వరసలు పెట్టుకోవడానికి ఇవ్వొచ్చు అక్కా. లోపలి గింజ చేదు, తినేది కాదు, నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి. అయిపోయాక చేతులు కడిగించండి.